అన్న తాగిన ఉప్పు మజ్జిగ

పోయిన వారం మనం శోభారాణిని పెద్దదవాఖానలో స్కానింగ్ గది ముందు బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, వారమంతా అక్కడే ఉంది. ఆమెను కొత్తగా కలుస్తున్నవారి కోసం నాలుగు మాటలు చెప్పి లేపుదాం.

వరంగల్ కొత్తవాడలో గుంట మగ్గం మీద జంపఖానాలు నేసే మనిషి శోభారాణి. మూడేళ్లుగా ఆమెకు ఉన్నట్టుండి నెత్తి పగిలిపోయేంత నొప్పి, గుండెదడ, ఒళ్లంతా చెమట, ఇక చచ్చిపోతానన్న భయం. కాసేపటికి అంతా సర్దుకునేది. దవాఖానకు చేరేసరికి బీపీ మామూలుగా ఉండేది, డాక్టరు భయం తగ్గడానికి గోలీలు రాసేవాడు. మగ్గం ఎక్కినప్పుడే ఎక్కువగా వస్తోంది కాబట్టి ఇది దొంగ రోగమని భర్త భానుచందర్ తేల్చేశాడు. వాడకట్టు వాళ్లు గాలి సోకిందన్నారు. ఆమె మాట నమ్మింది ఒక్క అన్న సారంగపాణే. నమ్మి, చెయ్యి పట్టుకుని భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోయాడు. అదీ ప్రేమే కదా అనుకుంది చెల్లెలు.

మొన్న డాక్టర్ రమ ఎదుట, చేతికి బీపీ పట్టీ ఉండగానే, జారిపోయిన చెప్పు కోసం కిందికి వంగింది శోభారాణి. మిషన్ మీద అంకె రెండు వందల ఇరవై దాటింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఒక డాక్టరు ఆ రోగాన్ని కళ్లారా చూసింది. మూత్రం పరీక్ష అయింది, స్కానింగ్ అయింది. ఇప్పుడు లోపలికి పిలిచారు.

డాక్టర్ రమ రోగితో మాట్లాడేటప్పుడు ఇంగ్లీషును వీలైనంత దూరం పెడుతుంది. రోగం పేరు రోగికి అర్థం కాకపోతే వైద్యం సగమే అయినట్టని ఆమె నమ్మకం.

“శోభా, నీకు గాలి సోకలే, దయ్యం పట్టలే. నువ్వు దొంగేషాలు గూడ వెయ్యలే,” అంది. ఆ మూడో మాటకు భానుచందర్ వైపు చూసింది. అతను గోడ మీది క్యాలెండర్‌లో ఏదో పండుగ వెతుకుతున్నట్టు ముఖం తిప్పుకున్నాడు.

“కిడ్నీ మీద చిన్న గ్రంథి ఒకటి ఉంటది. నీకు ఎడమదిక్కు దాంట్ల నిమ్మకాయంత గడ్డ లేచింది. మనం భయపడ్డప్పుడు ఒంట్ల ఒక రసం పుడ్తది, గుండె దడదడ కొట్టుకునేది దాంతోనే. ఆ రసాన్ని ఈ గడ్డ ఊకెనే తయారు జేసి పెట్టుకుంటది. నువ్వు పంజాతోని నూలు దిగ్గొట్టనీకి ముందటికి వంగుతవు గద. మగ్గం కర్ర కడుపుల ఒత్తుకుంటది. గడ్డ ఆ రసాన్ని ఒక్కసారే రక్తంలకు ఇడుస్తది.”

గడ్డ ఉందన్నందుకు ఏడవాలో, తాను అబద్ధమాడలేదని ఒకరు పైకి అన్నందుకు ఏడవాలో తెలియక శోభారాణి రెండింటికీ కలిపి ఏడ్చింది.

“మరి ఇన్ని దవాఖానలు తిరిగినం గద మేడం, ఎవ్వలు పట్టలే,” అన్నాడు భానుచందర్.

“లక్షల మందిల ఒకలిద్దరికి వచ్చే గడ్డ. పైగా అది లేచినప్పుడు జూస్తెనే దొరుకుతది. తీసేస్తె మంచిగైతది. కని ముందుగాల మనిషిని తయారు జెయ్యకుంట మత్తు ఇయ్యద్దు. గడ్డ ఉన్నదని తెల్వక మత్తిచ్చి, ఆపరేషన్ బల్ల మీదనే ప్రాణం పోయినోళ్లున్నరు.”

శోభారాణికి తల్లి యాకమ్మ గుర్తుకొచ్చింది. తాను బడికి పోయే రోజుల్లో గర్భసంచి ఆపరేషన్ కోసమని తన కాళ్ల మీద నడిచిపోయిన అమ్మ, మత్తు ఇచ్చిన కాసేపటికే పోయింది. ఆమె రాత అన్నారు అందరూ. ఆ ఆలోచన ఇంకా కుదురుకోకముందే డాక్టర్ అడిగింది.

“మీ తల్లిగారింట్ల ఇంకెవలికన్న ఉన్నదా గిది? చాన ఇండ్లల్ల రక్తంలనే వస్తది.”

“లే మేడం. ఉన్నది ఒక్క అన్ననే. ఆయనకు రెండేండ్ల కింద కిడ్నీల రాయి ఆపరేషనైంది, గంతే.”

“అయినా ఒకసారి తీస్కరా. పరీక్ష చెయ్యాలె,” అని డాక్టర్ గోలీలు రాయడం మొదలుపెట్టింది. “వీటితోని ముక్కు మూసుకపోతది, ఫికర్ జెయ్యకు. లేచేటప్పుడు కండ్లు తిరుగుతయి, మెల్లగ లేవాలె. ఇంకోటి, ఉప్పు బాగ తినాలె. మజ్జిగల ఉప్పేసుకొని తాగు. పచ్చడి తిను.”

భానుచందర్‌కు నవ్వొచ్చింది. “బీపీకి ఉప్పా మేడం?”

“అన్ని బీపీలకు గాదు. గీ గడ్డ ఒక్కదానికే. ఈ గోలీలతోని నరాలు వదులైతయి. ఆపరేషన్‌కు ముందుగాల వాటిని నీళ్లతోని, ఉప్పుతోని నింపాలె. ఇంకే బీపీ వచ్చినా నేను ఉప్పు ముట్టనియ్యను.”

శోభారాణి చీర చెంగుతో ముఖం తుడుచుకుంటున్నది, చెయ్యి అక్కడే ఆగిపోయింది.

రెండేళ్ల కిందటి రాఖీ పున్నమి, అన్న ఆపరేషన్‌కు కొద్దిరోజుల ముందు. కాశిబుగ్గలో అన్న ఇంటికి పోయింది. సారంగపాణి మంచం మీద పడుకుని ఉన్నాడు, ముక్కు మూసుకుపోయి మాట గొణుగుడులా వస్తోంది. రాఖీ కట్టించుకోవడానికి లేవబోతే కళ్లు తిరిగి మళ్లీ కూర్చున్నాడు. పక్కన పెద్ద గ్లాసు మజ్జిగ, అందులో పిడికెడు ఉప్పు. ‘రాళ్ల రోగానికి ఉప్పు తింటరా అన్నా’ అని తాను కోప్పడింది. ‘డాక్టరే తినుమన్నడు చెల్లె’ అన్నాడు. నోరు చప్పగా ఉందేమోనని తాను ఇంటికి వచ్చి మామిడికాయ పచ్చడి జాడీ నిండా పెట్టి పంపింది.

“ఏమైంది శోభా?” అంది డాక్టర్.

“ఏం లే మేడం. మా అన్నను తీస్కొస్త.”

మందుల కిటికీ దగ్గర కొండవీటి చాంతాడంత లైను ఉంది. భర్తను అందులో నిలబెట్టి, జర అన్న దగ్గరికి పోయి వస్తానని చెప్పి ఆటో ఎక్కింది. దారి పొడుగునా ఆమె ఒకటే మొక్కుకుంది. నా అనుమానం తప్పు కావాలె, అన్న నన్ను నాలుగు తిట్టాలె, నేను పడాలె. మనిషి తిట్లు తినాలని మొక్కుకునే రోజు కూడా ఒకటి వస్తుంది.

సారంగపాణి బట్టల దుకాణం కాశిబుగ్గలో, ఇల్లు దాని వెనకే. ఆమె దిగేసరికి అతను షట్టర్ సగం దించుతున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

“ఏంది చెల్లె, ఫోనన్న జెయ్యకుంట వచ్చినవ్. రా, రా. పొద్దుగాల దీపను హన్మకొండ దవాఖానల జేర్పించినం. మీ వదిన, అల్లుడు శశాంక్ ఆడనే ఉన్నరు. నేను గూడ పోతాన్న.”

దీప, సారంగపాణికి ఒక్కగానొక్క కూతురు. తొలి కాన్పు తల్లిగారింట్లో కావాలి కాబట్టి ఏడో నెలలో తెచ్చుకున్నారు. ఆ పిల్ల పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది శోభారాణే. ఇంకో రోజైతే ఆ మాటకే పొంగిపోయి ఆటో వెనక్కి తిప్పించేది. ఈ రోజు తల ఊపి, లోపలికి పోయి కుర్చీలో కూర్చుంది.

“అన్నా, జర మజ్జిగ ఇయ్యి. దూపైతాంది.”

తెచ్చిచ్చాడు. ఉప్పు డబ్బా కూడా తెమ్మంది. అదీ తెచ్చాడు. ఆమె ఒక చెంచా వేసింది. ఇంకో చెంచా వేసింది. కలుపుతూ ఇంకొకటి వేసింది.

“గంత ఉప్పేందే. తాగుతవా, ఊరబెడ్తవా,” అని నవ్వాడు సారంగపాణి.

“డాక్టరమ్మ తినుమన్నది. గోలీలు గూడ రాసింది. ముక్కు మూసుకపోతదట. లేస్తె కండ్లు తిరుగుతయట. నీకు గూడ గట్లనే అయింది గదన్నా, రాఖీ పున్నమి నాడు.”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. సారంగపాణి చెయ్యి భుజం మీదికి పోలేదు, కుడి పక్క నడుము మీదికి పోయింది. చొక్కా కింద ఆపరేషన్ గాటు ఉన్న చోటికి.

“నాది రాయి గద,” అన్నాడు.

“కిడ్నీల రాయికి ఉప్పు తినుమన్న డాక్టర్ పేరు చెప్పు. పోయి కాళ్లు మొక్కొస్త.”

బయట ఆటోలవాళ్లు ఎవరితోనో బేరమాడుతున్నారు. సారంగపాణి ఉప్పు డబ్బాకు మూత పెట్టాడు, మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టాడు.

“గడ్డనే,” అన్నాడు చివరికి. “హైదరాబాద్‌ల తీసిన్రు. మీ వదినకు గూడ రాయనే చెప్పిన.”

“నా గురించి డాక్టర్ ఏం చెప్పిండు?”

“నీ గురించి ఆయనకేం ఎరుక...”

“అన్నా. తోడవుట్టినోళ్ల గురించి ఏం చెప్పిండు?”

“పరీక్ష చేయించుమన్నడు.” అతని గొంతు బాగా తగ్గిపోయింది. “అమ్మ గురించి గూడ అడిగిండు. మత్తుల పోయిందని చెప్పిన. ఆమెకు గూడ గిదే ఉండొచ్చన్నడు.”

శోభారాణి చేతిలోని గ్లాసు కింద పెట్టింది. అమ్మ ఎందుకు చచ్చిపోయిందో రెండేళ్లుగా అన్నకు తెలుసు. తాను ఎందుకు చస్తూ బతుకుతోందో కూడా తెలుసు. తెలిసీ ప్రతి పండక్కీ పక్కన కూర్చుని ఒకే పళ్లెంలో చెయ్యి పెట్టాడు.

“ఎందుకు చెప్పలే?”

“గప్పుడు దీపకు సంబంధం మాట్లాడుతాన్నం. ఇంట్ల రక్తంల వచ్చే రోగమున్నదంటె పిల్లను ఎవడు జేసుకుంటడు చెప్పు. నీకు పరీక్ష జేయిస్తె వాడకట్టంత తెలుస్తది. లగ్గమైనంక చెప్దామనుకున్న. లగ్గమైనంక, పిల్ల జర అత్తగారింట్ల కుదురుకోనీ అనుకున్న. గంతల కడుపుతోని ఉన్నదన్నరు. రేపు చెప్దాం, మాపు చెప్దాం అనుకుంట...” అని చేతులు చాపాడు, మిగతాది నువ్వే అర్థం చేసుకో అన్నట్టు.

రేపు చెబుదామనుకున్న నిజం ఎన్నడైనా మంచి రోజు చూసుకుని బయటికి వచ్చిందా? ఇంటి గుట్టు బయటపడితే చేటని పెద్దలు చెప్పిపెట్టారు. దాచిపెడితే ఎవరికి చేటో, పాపం, వాళ్లకు చెప్పే తీరిక దొరకలేదు.

“ఒక్కటి చెప్పు,” అంది శోభారాణి. “భూతవైద్యుని దగ్గరికి తీస్కపోయినవ్. అది నీ ఆపరేషన్‌కు ముందా, ఎన్కనా?”

ఆమెకు తెలుసు. అతనికీ తెలుసు. అతని నోట వినాలని అడిగింది.

ఆపరేషన్ తర్వాతే. గాటు మానిన తర్వాతే. ఆ రోజు వేపమండలతో కొడుతుంటే ఆమె రెండు చేతులూ పట్టుకుని ఉన్నది సారంగపాణే. కొట్టేవాడి చేతిలో మండ విరిగితే ఇంకోటి అందించిందీ అతనే. ‘జర ఓర్సుకో చెల్లె, నీ మంచికే’ అంటూ ఏడ్చాడు. అంత నొప్పిలోనూ, నా కోసం అన్న ఏడుస్తున్నాడని శోభారాణి కడుపు నిండిపోయింది. ఆ కన్నీళ్లు దేనికో ఇప్పుడు తెలిసింది.

“ఎరుకుండి కొట్టిపిచ్చినవ్ అన్నా.”

“బావ నిన్ను ఇంటికి తోలేస్త అన్నడు శోభా. దొంగేషాలు అనేకంటె దయ్యమంటె ఊకుంటడు గద అనుకున్న. నీ సంసారం నిలబడాలనే...”

“నా సంసారం మాట ఎత్తకు. నా మొగడు నన్ను దొంగ అన్నడు, పడ్డ. ఆయనకు ఎరుకలేదు, అన్నడు. లోకమంత పిచ్చిదన్నది, పడ్డ. మా అన్న ఒక్కడు నమ్మిండు గద అనుకొని బతికిన. నువ్వు నమ్మింది గాదన్నా. నీకు ఎరుకనే.”

సారంగపాణి కుర్చీ పక్కన కింద కూర్చున్నాడు. చెల్లెలి కాళ్లు పట్టుకోబోయాడు, ఆమె కాళ్లు వెనక్కి లాక్కుంది. వయసులో పెద్దవాడు, ఈ కాస్త పాపం కూడా తనకు అంటించి పోతాడా అని మండిపోయింది ఆమెకు.

అప్పుడే ఫోన్ మోగింది. దుకాణం సందడిలో వినపడదని సారంగపాణి ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే పెడతాడు. ఎత్తగానే అతని భార్య గొంతు గది నిండా వచ్చింది.

“ఏమయ్యా, జల్ది రా. పోరి నెత్తి నొప్పి, నెత్తి నొప్పి అని ఒకటే ఒర్లుతాంది. ఒళ్లంత చెమటలు. బీపీ ఒకపారి మీదికి పోతాంది, మల్ల దానంతటదే దిగుతాంది. కాన్పు బీపీ అంటాన్రు. ఇగ ఆగేటట్టు లేదట, ఆపరేషన్ జేసి బిడ్డను తీస్తరట. మత్తు డాక్టర్ కోసం సూస్తాన్రు. నువ్వు రా.”

ఫోన్ ఆగిపోయింది.

ఇంతసేపూ శోభారాణి కడుపులో మండిన మంట ఒక్కసారిగా చల్లబడిపోయింది. దాని చోట భయం వచ్చి కూర్చుంది. ఈ భయం గడ్డ పుట్టించింది కాదు. నెత్తి నొప్పి, చెమట, ఎక్కి దిగే బీపీ. ఆ మూడింటినీ ఆమె కంటే బాగా ఎరిగినవాళ్లు వరంగల్ మొత్తంలో ఎవరుంటారు.

“దీపకు పరీక్ష చేయించినవా?”

“చేయిస్తె తెలిసిపోతది గద,” అన్నాడు సారంగపాణి. తాను ఏమన్నాడో తనకే ఆలస్యంగా వినపడింది. “చిన్న పోరి. దానికేం గాదనుకున్న.”

“అమ్మ ఎట్ల పోయిందో మర్సినవా? ఫోన్ జెయ్యి. మత్తు ఆపుమను. నీకేమైందో డాక్టర్లకు చెప్పు.”

“చెప్త. పోయి చెప్త. డాక్టర్‌ను పక్కకు పిలిచి మెల్లగ చెప్త. ఫోన్ల వద్దు. ఆడ శశాంక్ ఉన్నడు, వాళ్లమ్మ గూడ వచ్చి ఉంటది. ఎంతసేపు, పది నిమిషాల్ల పోత.”

“కాశిబుగ్గ నుంచి హన్మకొండకు పది నిమిషాలా? ఈ టైముల? గంతల మత్తు ఇయ్యరా?”

“శోభా, జర నా మాట ఇను. దాని బతుకు ఆగమైతది.”

“దాని బతుకే ఉండది అన్నా.”

అతను ఇంకా లెక్కలు వేస్తూనే ఉన్నాడు. ఎవరికి తెలుస్తుంది, ఎవరు ఏమంటారు, అల్లుడి తల్లి ఏ ముఖం పెడుతుంది. మనిషి అలవాటు అంత త్వరగా చావదు. శోభారాణి అతని చేతిలోంచి ఫోన్ లాక్కుంది. వదిన నంబర్ నొక్కింది. అవతల మోగుతుండగానే సారంగపాణి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. ప్రతి రాఖీ పున్నమికీ ఆమె దారం కట్టే చెయ్యి అది. పెనుగులాటలో ఫోన్ జారి కింద పడి, మంచం కిందికి పోయింది.

శోభారాణి దాని కోసం వంగింది.

వంగకూడదని డాక్టర్ చెప్పాల్సిన పని కూడా లేదు, ఆమెకు తెలుసు. కాని దీప తప్ప ఆ క్షణంలో ఆమెకు ఇంకేదీ గుర్తులేదు. మోకాళ్ల మీద కూర్చుని, పొట్ట తొడలకు ఒత్తుకునేలా ముందుకు వాలి, మంచం కిందికి చెయ్యి చాపింది. వేళ్లకు ఫోన్ తగిలింది. అదే సమయానికి లోపల నిమ్మకాయంత గడ్డ తన పని తాను చేసింది.

గుండె గొంతులోకి వచ్చింది. ముఖం తెల్లగా పాలిపోయింది, రవిక చెమటతో తడిసిపోయింది. నెత్తి పగిలిపోతోంది. పళ్లు కొట్టుకుంటున్నాయి. ఫోన్‌ను మంచం కిందినుంచి బయటికి తోయగలిగింది గానీ చెవి దగ్గరికి ఎత్తలేకపోయింది. నేల మీద పక్కకు ఒరిగిపోయింది.

“హలో, మామయ్యా,” అన్నాడు ఫోన్‌లో శశాంక్. “అత్తమ్మ దీప దగ్గర ఉన్నది, ఫోన్ నా తాన ఇచ్చింది. యాడిదాక వచ్చిన్రు?”

శోభారాణి నోరు తెరిచింది. మాట కోసం ఒళ్లంతా కూడదీసుకుంది. దవడలు వణికాయి, ఊపిరి వచ్చింది, మాట రాలేదు.

“హలో. మామయ్యా, మాట్లాడుతలేరేంది? మత్తు డాక్టర్ వచ్చిండు. ఇంట్ల ఎవలికన్న మత్తుతోని ఏమన్న అయిందా అని అడుగుతాండు. ఏం లేదని చెప్పాల్నా?”

సారంగపాణి ఫోన్ వైపు చూశాడు. శోభారాణి నేల మీది నుంచి అన్న ముఖంలోకి చూసింది. ఆ ఇంట్లో ఇప్పుడు మాట్లాడగలిగిన మనిషి అతనొక్కడే.